శాసనసభ ఎదుటి స్తూపము

ఆబిడ్సు జనరల్ పోస్టాఫీసు కూడలి నుండి స్టేషన్ రోడ్డు పట్టి, నాంపల్లి మీదుగా శాసనసభ వరకు నడచినచో దూరము రెండు మైళ్లకు మించదు. ఈ కొద్ది దూరములోనే హైదరాబాదు నగరము తన గతమును ఎన్ని విధములుగా జ్ఞాపకము పెట్టుకొన్నదో చూడవచ్చును. ఆబిడ్సు అను పేరే ఒక జ్ఞాపకము. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆయన దుస్తుల వ్యవహారము చూచుకొన్న ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మీనియా దేశీయుడు ఇక్కడ ఒక అంగడి పెట్టినాడు. అంగడి పోయినది, పేరు మాత్రము బస్సు బోర్డుల మీద, జనుల నోళ్లలో మిగిలినది. కొందరి పేర్లు నిలుచుటకు శిలతో పని లేదు. నాంపల్లి స్టేషను 1907 నాటిది. దానిని దాటి ముందుకు సాగినచో పబ్లిక్ గార్డెన్సు వచ్చును. పెద్దలు బాగె ఆం అని పిలిచిన తోట అదియే. ఆ తోట అంచున తెల్లని గుమ్మటములతో శాసనసభా భవనము. దానికి ఎదురుగా, రోడ్డుకు ఆవలి వైపున, గన్‌పార్కు. ఆ చిన్న ఉద్యానములో నిలిచియున్న తెలంగాణ అమరవీరుల స్తూపమును గురించి నేడు ముచ్చటించుకొందము.

ఆకాశవాణి కేంద్రము కూడ ఈ పరిసరములలోనిదే కనుక మా వంటివారికి ఇది దారిలో దినదినము కనబడు కట్టడము. దినదినము కనబడు వస్తువును మనము నిజముగా చూచుట అరుదు. స్తూపము చుట్టు ఎన్నో సభలు జరిగినవి, ఎందరో నాయకులు పూలు ఉంచినారు, పత్రికలలో ఎన్నో ఛాయాచిత్రములు వచ్చినవి. కాని ఆ రాళ్లలో శిల్పి ఏమి చెప్పినాడో నిలిచి చదివినవారు కొద్దిమంది.

మొదట ఎదుటి భవనము సంగతి చెప్పవలెను. ఎందుకనగా ఈ రెంటిని కలిపి చూడనిదే స్తూపము పూర్తిగా అర్థము కాదు. నేటి శాసనసభా భవనము మొదట టౌన్‌హాలు. మహబూబ్ అలీ ఖాన్‌కు నలుబది ఏండ్లు వచ్చిన సందర్భమునకు గుర్తుగా పురజనులు చందాలు వేసికొని దీనిని తలపెట్టినారు. 1905లో పునాది పడినది. 1911లో ఆ ప్రభువు మరణించినాడు. భవనము ఆయన కుమారుని కాలములో 1913 నాటికి పూర్తి అయినది. అనగా అది ఒక రాజు వయస్సుకు కట్టిన జ్ఞాపకము. దాని ఎదుట నిలిచిన స్తూపమో, నిండు వయస్సు రాకుండనే పోయిన విద్యార్థులకు కట్టిన జ్ఞాపకము. ఈ పోలికను ఎవరైనను బుద్ధిపూర్వకముగా ఉద్దేశించినారో లేదో మేము చెప్పబోము. కాని ఆ రోడ్డు మధ్య నిలిచి ఇటు ఒకసారి, అటు ఒకసారి చూచినవారికి ఇది తోచక మానదు.

స్తూపము ఎందుకు వచ్చినదో క్లుప్తముగా జ్ఞాపకము చేసికొందము. 1956 ఫిబ్రవరిలో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందము కుదిరినది. ఆ ఏడు నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. తెలంగాణలోని ఉద్యోగములు తెలంగాణవారికే దక్కవలెనన్నది ఒప్పందములోని ముఖ్యాంశములలో ఒకటి. నిజాము కాలము నుండి వచ్చిన ముల్కీ నిబంధనలకు ఇది ఒక విధముగా కొనసాగింపు. 1952 సెప్టెంబరులోనే, అనగా విలీనమునకు ముందే, ముల్కీ హక్కుల కొరకు నగరములో విద్యార్థులు వీథులకెక్కగా సిటీ కాలేజీ ప్రాంతమున పోలీసు కాల్పులు జరిగినవి. కనుక 1969 ఆకస్మికముగా ఊడిపడినది కాదు. ఒప్పందములు అమలు కాలేదని, తెలంగాణ మిగులు నిధులు ఇతరత్ర ఖర్చు అయినవని, ఉద్యోగములు చేజారుచున్నవని ఏండ్ల తరబడి పేరుకొన్న అసంతృప్తి ఆ ఏడు జనవరిలో ఖమ్మము జిల్లాలో రాజుకొని, కొద్ది దినములలోనే తెలంగాణ అంతట వ్యాపించినది. మార్చి నెలలో సుప్రీముకోర్టు 1957 నాటి స్థానికోద్యోగ శాసనములోని కీలకమైన నిబంధనను కొట్టివేసినది. దానితో చట్టము ద్వారా రక్షణ దొరకునన్న ఆశ కూడ సన్నగిల్లినది. మే 1వ తేదీన రాజభవనము వైపు సాగిన ఊరేగింపు, దానిపై జరిగిన కాల్పులు నాటివారికి మరపురాని సంగతులు. విద్యార్థులు ఒక చదువుల సంవత్సరమునే కోల్పోయినారు. కొందరు ప్రాణములనే కోల్పోయినారు.

ఎందరు? జనుల నోట స్థిరపడిన సంఖ్య 369. ప్రభుత్వము ఒప్పుకొన్న లెక్క దీనికన్న చాల తక్కువ. ఈ రెండు అంకెల నడుమ వాదము నేటికిని తెగలేదు. మా దృష్టిలో ఆ వాదము చరిత్రకారులకు అవసరమైనదే. కాని కాల్పులలో కుమారుని పోగొట్టుకొన్న ఇంటికి లెక్క ఎప్పుడును ఒకటే.

ఇక్కడ ఒక విశేషమును గమనింపవలెను. లోకములోని పెద్ద స్మారకములలో అధికభాగము గెలిచినవారు కట్టినవి. ఢిల్లీలోని ఇండియా గేటును తీసికొనుడు. 1921లో శంకుస్థాపన జరిగి 1931లో పూర్తి అయిన ఆ కమాను మీద 13,000లకు పైగా పేర్లు చెక్కబడినవి. మొదటి ప్రపంచయుద్ధములోను, అఫ్గాను యుద్ధములోను పోయిన సైనికుల పేర్లవి. ఆ సైనికులను యుద్ధమునకు పంపిన ప్రభుత్వమే ఆ కమానును కట్టినది. గన్‌పార్కు స్తూపము కథ దీనికి పూర్తిగా తలక్రిందులు. ఇది గెలుపు తరువాత వచ్చినది కాదు. 1970 ఫిబ్రవరి 23న నాటి నగర మేయరు దీనికి పునాదిరాయి వేసినప్పుడు ప్రత్యేక రాష్ట్రము రాలేదు. వచ్చు సూచన కూడ లేదు. ఉద్యమమును అణచిన ప్రభుత్వము గద్దె మీద ఉన్నది. ఆ ప్రభుత్వము కొలువుతీరిన సభాభవనము కన్నుల ఎదుటనే ఉన్నది. అట్టి చోట, అట్టి సమయమున, ఒక నగరపాలక సంస్థ ఈ పనికి పూనుకొన్నది. వీథిదీపములు, మురుగుకాలువలు, పన్నులు చూచుకొను సంస్థ రాష్ట్రప్రభుత్వము ఎదుట ఇట్టి రాతిప్రశ్నను నిలుపుట మన దేశచరిత్రలో తరచుగా జరిగిన సంగతి కాదు.

తరువాతి పరిణామములు ఇంకను విచిత్రములు. 1971 లోకసభ ఎన్నికలలో మర్రి చెన్నారెడ్డి నాయకత్వమునందలి తెలంగాణ ప్రజాసమితి తెలంగాణలోని 14 స్థానములలో 10 గెలిచినది. అదే సంవత్సరము కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి పదవి నుండి తప్పుకొన్నారు, పి. వి. నరసింహారావు ఆ పదవికి వచ్చినారు; ప్రజాసమితి కాంగ్రెసులో కలిసిపోయినది. 1972లో సుప్రీముకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పగా ఈసారి కోస్తా, రాయలసీమలలో జై ఆంధ్ర ఉద్యమము చెలరేగినది. అక్కడను కాల్పులు జరిగినవి, అక్కడను యువకులు నేలకొరిగినారు. ఆ తల్లుల దుఃఖము వేరొక రంగుది కాదు. 1973లో ఆరుసూత్రముల పథకము, 1975లో స్థానికోద్యోగములపై రాష్ట్రపతి ఉత్తరువు వచ్చినవి. సరిగా ఆ 1975లోనే గన్‌పార్కు స్తూపము పూర్తి అయినది. అనగా రాయి పైకి లేచు నాటికి దానిని కోరిన పక్షము లేదు, ఉద్యమము చల్లారినది, సమస్య తీరినదని కాగితముల మీద వ్రాసికొన్నారు. స్తూపము ఒక్కటే సమస్య తీరలేదని చెప్పుచు నిలిచినది.

దీనిని రూపొందించిన శిల్పి ఎక్కా యాదగిరిరావు. హైదరాబాదు లలితకళా కళాశాలలో శిల్పము బోధించిన ఆచార్యులు. ఆయన ముందున్న చిక్కు సామాన్యమైనది కాదు. ఒక వీరుని విగ్రహము చేయుట తేలిక. ముఖము ఉండును, మీసము ఉండును, చేయి ఎత్తి చూపవచ్చును. కాని ఇక్కడ వీరుడు ఒకడు కాడు. పల్లె నుండి వచ్చి హాస్టలులో ఉన్నవాడు, పట్నపు గల్లీలో పుట్టినవాడు, ఇంకను బడి దాటనివాడు, ఇట్లు ఎందరో. ఎవరి ముఖము చెక్కవలెను? శిల్పి ముఖములను విడిచి ఒక అంకెను పట్టుకొన్నాడు. ఆ అంకె తొమ్మిది. నాడు తెలంగాణలో హైదరాబాదు, మెదకు, నిజామాబాదు, ఆదిలాబాదు, కరీంనగరము, వరంగల్లు, ఖమ్మము, నల్లగొండ, మహబూబునగరము అను 9 జిల్లాలు ఉండినవి. పాదము నుండి శిఖరము వరకు స్తూపము ఈ తొమ్మిదినే మరల మరల పలుకును.

క్రింది నుండి చూచుకొనుచు పోదము. అడుగుభాగము నల్లరాయి. నాలుగు ముఖములలోను ఒక్కొక్క ముఖమున తొమ్మిదేసి చిన్న రంధ్రములు తొలిచియున్నవి. అవి అలంకారము కావు. ఉద్యమకారుల దేహములలో దూసికొనిపోయిన తుపాకిగుండ్లకు అవి గుర్తులు. ఈ సంగతి తెలియక చూచినవారు వానిని దీపములు పెట్టు గూళ్లనుకొన్నను అనుకొందురు. తెలిసిన తరువాత ఆ రాతిని చేతితో తాకుటకు కొంత సంకోచము కలుగును. శిల్పమున గాయమును చూపుటకు నెత్తురు అవసరము లేదని దీనిని చూచినప్పుడు మాకు తోచినది. రాతి నుండి కొంచెము రాయిని తీసివేసినాడు, అంతే. లేనిదానితో పోయినవారిని చూపినాడు.

పీఠమునకు పైన మకరతోరణము కలదు. దీని పోలిక సాంచి నుండి తెచ్చినది. సాంచి మధ్యభారతములోనిది కదా, తెలంగాణకు దానితో ఏమి చుట్టరికము అని అడుగువారు ఉందురు. చుట్టరికము కలదు. సాంచి మహాస్తూపమునకు పునాది అశోకుని కాలమున పడినది; దాని శిలాతోరణములు తరువాతి కాలమున లేచినవి. దక్షిణపు తోరణము మీద ఒక దానశాసనము ఉన్నది. శాతకర్ణి మహారాజు శిల్పుల పెద్ద అయిన ఆనందుడు ఆ దూలమును సమర్పించినట్లు అందులో కలదు. శాతకర్ణి శాతవాహన వంశీయుడు. తొలి శాతవాహనుల నాణెములు మన కరీంనగరము ప్రాంతములో గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికినవి. కనుక నాంపల్లిలోని తోరణము పరాయి ఇంటి నుండి అరువు తెచ్చిన నగ కాదు. దక్కను పాలకుల శిల్పుల చేయి పడినచోటి నుండి ఇంటికి తిరిగివచ్చిన సొత్తు అని చెప్పుకొన్నను తప్పు లేదు.

తోరణమునకు పైన స్తంభము. దానిని ఏ దిక్కున నిలిచి చూచినను తొమ్మిది గీతలు కనబడును. ఇది శిల్పి చేసిన చక్కని ఏర్పాటు. స్తూపమునకు ముందు వైపు, వెనుక వైపు అనునవి లేవు. శాసనసభ నుండి చూచు మంత్రికిని, పబ్లిక్ గార్డెన్సు నుండి వచ్చు బాటసారికిని అది ఒకే లెక్క చెప్పును. స్తూపమున ప్రధానముగా కనబడు ఎరుపు త్యాగమునకు, సాహసమునకు సంకేతము. స్తంభశీర్షమున అశోకుని ధర్మచక్రము కలదు. ఉద్యమములో తుపాకిగుండ్లకు గురియైనవారి స్మారకము మీద, ఆ తుపాకులు పట్టిన ప్రభుత్వపు ముద్రలోనే ఉండు చక్రమును నిలుపుట మొదట వింతగా తోచవచ్చును. కాని ఆలోచించినచో దీనిలోనే స్తూపము యొక్క అసలు మాట ఉన్నది. ఆ పిల్లలు దేశమును కాదన్నవారు కారు. దేశపు రాజ్యాంగము లోపలనే తమకు ఒక రాష్ట్రము కావలెనని అడిగినారు. ధర్మచక్రము మీది సొంతము మాత్రమే కాదు, మాది కూడ అని ఆ శీర్షము ఎదుటి భవనముతో చెప్పుచున్నది.

అన్నిటికన్న పైన తొమ్మిది రేకుల తెల్లని పువ్వు. పీఠమున నలుపు, నడుమ ఎరుపు, శిఖరమున తెలుపు. గుండు తగిలిన గాయముతో మొదలైన చూపు పువ్వుతో ఆగును. ఇట్టి కట్టడముల మీద సాధారణముగా పిడికిలి గాని, కత్తి గాని, జ్వాల గాని పెట్టుట వాడుక. యాదగిరిరావు పువ్వును పెట్టినాడు. కోపమును అడుగున ఉంచి శాంతిని తలమీద పెట్టుకొన్న ఈ క్రమము మాకు మిక్కిలి నచ్చినది.

స్తూపము అను మాటను గురించి ఒక చిన్న ముచ్చట. శబ్దార్థమును పట్టి చూచినచో ఇది స్తంభమే గాని స్తూపము కాదు. సాంచిలోను, అమరావతిలోను, ఖమ్మము జిల్లా నేలకొండపల్లిలోను ఉన్నవి స్తూపములు. గుండ్రని దిబ్బవలె కట్టినవి. మరి మనవారు నిలువెత్తు కంబమును స్తూపమని ఎందుకు పిలుచుచున్నారు? పూర్వము పూజ్యుల ధాతువులను నిక్షేపించి పైన కట్టినది స్తూపము. ఆకారము మారినను, పోయినవారు ఇక్కడ ఉన్నారు అను భావము జనులలో మారలేదు. సాయుధపోరాట కాలములో నేలకొరిగినవారికి తెలంగాణ పల్లెలలో, ఊరి మొగదల, కూడళ్లలో నిలిపిన ఎర్రని కంబములను కూడ జనులు స్తూపములే అన్నారు. పండితులు తప్పనవచ్చును. మేము మాత్రము ఈ విషయమున జనుల పక్షము.

ఇక తొమ్మిది అంకె సంగతి. స్తూపము పూర్తియైన మూడేండ్లకే, 1978లో, హైదరాబాదు నుండి విడదీసి రంగారెడ్డి జిల్లా ఏర్పరచినారు. తొమ్మిది పది అయినది. 2014లో రాష్ట్రము వచ్చు నాటికి జిల్లాలు 10. 2016లో అవి 31 అయినవి, 2019లో 33 అయినవి. నేడు ములుగు నుండియో, నారాయణపేట నుండియో వచ్చిన బాలుడు స్తంభము మీది గీతలు లెక్కపెట్టి, మా జిల్లా ఏదీ అని అడిగినచో ఏమి చెప్పవలెను? ములుగు నాటి వరంగల్లులోను, నారాయణపేట నాటి మహబూబునగరములోను ఉండినవని చెప్పవలెను. పాలకులు గీతలు మార్చుకొనుచు పోయినను రాతిమీది గీతలు 1969 నాటి లెక్కనే చెప్పుచుండును. ఇది లోపము కాదు. స్మారకము పంచాంగము వలె ఏటేట మార్చి వ్రాయునది కాదు గదా.

2009 నవంబరు 29న కె. చంద్రశేఖరరావు నిరాహారదీక్షతో ఉద్యమము మరల ఉప్పెనయై లేచినది. డిసెంబరు 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరము రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలగునని ప్రకటించినారు. ఆ ప్రకటనకును, రాష్ట్రావతరణమునకును మధ్య నాలుగున్నర ఏండ్లు గడచినవి. ఆ కాలమున గన్‌పార్కు ఊరేగింపులకు మొదలు, ప్రతిజ్ఞలకు వేదిక, రాజీనామా చేసినవారికి మొదటి మజిలీ అయినది. అదే కాలములో అనేకమంది యువకులు తమ ప్రాణములను తామే తీసికొన్నారు. వారిని కూడ అమరులుగా ఇక్కడనే స్మరించుచున్నారు. స్మరింపవలసినదే. అయినను మేము ఒక మాట చెప్పక తప్పదు. 1969లో వీథులలోనికి వచ్చినవారు చావవలెనని రాలేదు. చదువు, ఉద్యోగము, మర్యాద కలిగి బ్రతుకవలెనని వచ్చినారు. గుండ్లు వారిని చంపినవి. పీఠము మీది రంధ్రములు బయట నుండి వచ్చిన దెబ్బకు గుర్తులు. వానిని చూచి ఏ పిల్లవాడును మరణమే గౌరవమునకు దారి అని అనుకొనరాదు. పూలు ఉంచి ప్రసంగించు పెద్దలు అమరత్వమును కీర్తించునప్పుడు ఈ భేదమును పిల్లలకు విడమరచి చెప్పుట వారి బాధ్యత. ఆ ప్రసంగములను ఇంటిలో కూర్చుండి వినునది ఆ వయస్సు పిల్లలే.

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినది. నాడు ప్రమాణస్వీకారమునకు ముందు తొలి ముఖ్యమంత్రి గన్‌పార్కునకు వచ్చి నివాళి అర్పించినారు. ఒకనాడు ప్రభుత్వమునకు ఎదురుగా నిలిచిన స్తూపమునకు ప్రభుత్వమే వచ్చి తల వంచిన దినము అది. అంతటితో స్తూపము పని తీరిపోవుననుకొన్నవారు ఉండిరి. అట్లు జరుగలేదు. ఉద్యోగ నియామకముల కొరకును, రైతుల కష్టములను గురించియు, సభలో మాట దొరకలేదనియు ప్రతిపక్షములవారు ఇప్పటికిని ఇక్కడనే మొదట నిలిచి, తరువాత రోడ్డు దాటి సభలోనికి పోవుచున్నారు. ఏ పార్టీ అధికారమున ఉన్నను, అధికారము లేని పార్టీకి గన్‌పార్కు అవసరము కలుగుచునే ఉన్నది. అధికారములోనికి రాగానే అదే పార్టీ ఆ దారిని కొంత మరచుటయు, పోగానే జ్ఞప్తికి తెచ్చుకొనుటయు కూడ మనము చూచుచునే ఉన్నాము.

2023 జూన్ 22న హుస్సేనుసాగరము ఒడ్డున, సచివాలయమునకు ఎదురుగా, కొత్త అమరవీరుల స్మారకమును ప్రారంభించినారు. ప్రమిద ఆకారమున, తళతళలాడు ఉక్కు రేకులతో, శిల్పి ఎం. వి. రమణారెడ్డి రూపొందించిన బృహత్తర నిర్మాణమది. రాత్రివేళ దూరము నుండి కూడ కనబడును. అది గెలిచిన రాష్ట్రము కట్టుకొన్న స్మారకము. దాని అందము దానిది. గన్‌పార్కు స్తూపమునకు అంత ఎత్తు లేదు, అంత వెలుగు లేదు. నాంపల్లి నుండి మెట్రో రైలులో అసెంబ్లీ స్టేషనుకు వచ్చువారు ఆ చెట్ల నడుమ దానిని గుర్తింపకుండనే దిగిపోవుటయు కలదు. సికింద్రాబాదు గడియారస్తంభము వద్ద 1969 అమరులకే నిలిపిన మరొక స్తూపము ఉన్నదన్న సంగతి ఇంకను తక్కువమందికి తెలియును.

శిల్పి యాదగిరిరావును 2024 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వము ఉద్యమకవులతో, కళాకారులతో పాటు సత్కరించినది. స్తూపము పూర్తియై అప్పటికి దాదాపు అరువదిలో పది తక్కువ ఏండ్లు. ఆ ఏడు జూన్ 2న, రాష్ట్రము వచ్చి పదేండ్లు నిండిన దినమున, కొత్త స్మారకము సిద్ధముగా ఉన్నప్పటికిని, ముఖ్యమంత్రి ఉదయము వచ్చి మొదట పూలు ఉంచినది గన్‌పార్కులోని నల్లరాతి పీఠము దగ్గరనే.